ఎర్రరు వస్తే ప్రొజెక్టరు ఆపకండి

అనంతపురం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో సెమిస్టర్ మొదలై నెల తిరగకముందే వర్క్‌షాపుల ఫ్లెక్సీలు వేలాడుతుంటాయి. ఒక ఏడాది బిగ్ డేటా, ఇంకో ఏడాది బ్లాక్‌చెయిన్, ఆ తర్వాత ఫుల్ స్టాక్, ఇప్పుడేమో ఏఐ ఏజెంట్లు. పేరు మారుతుంది కానీ తంతు మారదు. జ్యోతి వెలిగిస్తారు, శాలువాలు కప్పుతారు, ముఖ్య అతిథి మాట్లాడతారు. ఆ మీదట హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో వచ్చిన ట్రైనర్ ఒక ప్రోగ్రామును మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా తొట్రుపడకుండా నడిపించి చూపిస్తారు. పిల్లలు చూసి అదే టైపు చేస్తారు. రెండో రోజు సాయంత్రం సర్టిఫికెట్లు, గ్రూపు ఫోటో.

దీన్ని వెక్కిరించడం తేలిక. అందుకోసం ఇది రాయడం లేదు. ఇదే ఊళ్లో ఇంటి నుంచి బెంగళూరు కంపెనీకి పనిచేస్తూ, పిలిచిన కాలేజీకల్లా వెళ్లి మాట్లాడి వచ్చేదాన్ని నేను. నా గొడవ ఒక్కటే. ప్రోగ్రామర్ ఉద్యోగంలో రోజులో పెద్ద భాగం పనిచేయనిదాన్ని పనిచేయించడంలోనే గడిచిపోతుంది. వర్క్‌షాపులో మాత్రం పనిచేసేదాన్ని తప్ప దేన్నీ తెర మీదికి రానివ్వరు. ఈ పద్ధతిలో రెండు రోజులు కాదు, రెండు నెలలు చెప్పినా ఉద్యోగానికి పనికొచ్చేది పెద్దగా ఒంటబట్టదని ఈ మధ్య గట్టిగా అనిపిస్తోంది. అందుకు కారణం ఒక ట్రైనర్. ఆయన చెప్పడం చేతకాని మనిషి కాదు. తన దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా విలువైనదాన్ని పిల్లల కంట పడకుండా దాచేశారు, అంతే.

ఒక కాలేజీ సెమినార్ హాల్లో, భోజనాల తర్వాతి సెషన్ అది. అడిగిన ప్రశ్నకు జవాబిచ్చే చాట్‌బాట్‌ను తయారుచేయడం పాఠం. ట్రైనర్ కోడు రన్ చేశారు. జవాబు రావలసిన చోట తెర నిండా ఎర్రటి అక్షరాలు దిగాయి. ముందు వరసలో హెచ్‌ఓడీ కూర్చుని ఉన్నారు. ట్రైనర్ గబుక్కున ప్రొజెక్టరు కేబులు పీకేశారు, మైకు ఆపి పక్కన పెట్టారు, "టీ తాగి రండి, ఐదు నిమిషాల్లో మొదలుపెడదాం" అన్నారు. హాలు ఖాళీ అయింది. తర్వాతి సెషన్ నాది కావడంతో నేను అక్కడే ఉన్నాను. వెళ్లి ఆయన భుజం పక్కన నిలబడ్డాను.

అప్పుడు చూడాలి ఆ మనిషి పనితనం. ఎర్రరును కింది నుంచి పైకి చదువుకుంటూ వెళ్లారు. లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడు) లోపలి వరసలన్నిటినీ దాటేసి, తాను రాసిన ఫైలు పేరు కనబడిన చోట ఆగారు. "కీ గడువు అయిపోయిందేమో" అని గొణిగారు, కీ అంటే చాట్‌బాట్ కంపెనీ ఇచ్చే రహస్య సంకేతం. వెంటనే తనే తల అడ్డంగా ఊపారు, ఎర్రరులో కీ ఊసే లేదు, సర్వర్ తానెవరో రుజువుగా చూపే సర్టిఫికెట్ నమ్మదగ్గది కాదని ఉంది. ఆ సర్టిఫికెట్ ఎవరు జారీ చేశారో చూశారు. చాట్‌బాట్ కంపెనీ కాదు, కాలేజీ నెట్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్! భోజనానికి వెళ్లి వచ్చేలోపు వైఫై లాగిన్ గడువు తీరిపోయింది. ప్రోగ్రాము బయటి సర్వర్‌ను పలకరించబోతే ఫైర్‌వాల్ మధ్యలో అడ్డం తగిలింది. ఇది ఊహ మాత్రమే కదా, నిజమో కాదో తేలాలి. కోడులో అక్షరం ముట్టుకోకుండా ల్యాప్‌టాప్‌ను తన ఫోను హాట్‌స్పాట్‌కు మార్చి మళ్లీ రన్ చేశారు. నడిచింది. ఆ తర్వాతే వెళ్లి వైఫైలో మళ్లీ లాగిన్ అయ్యారు.

పిల్లలు తిరిగి వచ్చారు. కేబులు పెట్టారు, మైకు అందుకున్నారు. "నెట్ సరిగా లేదు, ఇప్పుడు వచ్చింది" అని ముందుకు వెళ్లిపోయారు. ఏమైందని ఎవరూ అడగలేదు కూడా.

ఆ రెండు రోజుల కార్యక్రమంలో చాట్‌బాట్ భాగమంతా యూట్యూబ్‌లో దొరుకుతుంది. దొరకనిది ఆయన నోట్లో నోట్లో అనుకున్న ఆ నాలుగు మాటలు: ఏది చదవాలి, ఏది వదిలేయాలి, ఏది అనుమానించాలి, ఆ అనుమానాన్ని ఒక్కటంటే ఒక్క మార్పుతో ఎలా తేల్చుకోవాలి. అవి మైకులో వినిపించవలసిన మాటలు.

ల్యాబు రికార్డులో ఎర్రరుకు చోటేదీ?

ఆ ట్రైనర్‌ను తప్పుపట్టడానికి నాకు మనసు రావడం లేదు. ఆయన కూడా మనలాగే ల్యాబు రికార్డు రాసి పైకి వచ్చినవాడు. ప్రయోగం ఉద్దేశం, ఆల్గారిథమ్, ప్రోగ్రాము, అవుట్‌పుట్. కుడివైపు గీతల పేజీ, ఎడమవైపు తెల్ల పేజీ. అవుట్‌పుట్ అంటే వచ్చినది కాదు, రావలసినది. సీనియర్ రికార్డులో ఏముంటే మన రికార్డులోనూ అదే ఉంటుంది, అక్కడ పొరపాటున సున్నా తక్కువ పడితే ఇక్కడా తక్కువే పడుతుంది. ఈ ప్రోగ్రాము మొదట ఎందుకు నడవలేదో, ఎలా నడిపించామో రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు. నాలుగేళ్లు అలాంటి పుస్తకాలు నింపినవాళ్లకు ఎర్రరు అంటే సమాచారం అనిపించదు, పరువు తక్కువ అనిపిస్తుంది.

తమాషా ఏమిటంటే, అదే కాలేజీలో మొదటి ఏడాది ఫిట్టింగ్ షాపులో ఇలా ఉండదు. ఇనుప పలకను హాక్సాతో కోసి, ఆకురాయితో రాసి, రెండు ముక్కలను ఒకదానిలో ఒకటి కూర్చాలి. కూర్చాక ఇన్‌స్ట్రక్టర్ వాటిని పైకెత్తి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటారు. సందులోంచి వెలుతురు కనిపిస్తే ఎక్కడ ఎక్కువ రాశావో వేలు పెట్టి చూపిస్తారు. మళ్లీ రాయాలి. మొదటిసారే అతికినవాడు ఉండడు, అలా అతకదని అందరికీ తెలుసు, అందులో సిగ్గుపడేదీ లేదు. 1940ల్లోనే ఇంజనీరింగ్ కాలేజీ వచ్చిన ఊరు మనది. ఇనుము విషయంలో అప్పటి నుంచీ పాటిస్తున్న మర్యాదను కోడు విషయంలో ఎందుకు పాటించమో నాకు అర్థం కాదు.

వృథా అయిందనుకునే పూట

వర్క్‌షాపు నిర్వాహకులందరూ చేసే ఫిర్యాదు ఒకటుంది: "మొదటి పూటంతా ఇన్‌స్టలేషన్‌కే పోయింది మేడమ్." అరవై ల్యాప్‌టాప్‌లు ఒకేసారి డౌన్‌లోడుకు దిగితే కాలేజీ నెట్ చతికిలపడుతుంది. ఒకరికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఎక్కించాక కూడా ఆ పేరు టైపు చేస్తే మైక్రోసాఫ్ట్ స్టోరు తెరుచుకుంటుంది. ఇంకొకరికి అలాంటి కమాండే లేదంటుంది. మూడో అబ్బాయి లైబ్రరీని చక్కగా ఎక్కించుకుంటాడు, ప్రోగ్రాము మాత్రం ఆ లైబ్రరీ లేదని మొరాయిస్తుంది. చూస్తే వాడి ల్యాప్‌టాప్‌లో రెండు పైథాన్లు ఉంటాయి. లైబ్రరీ ఒకదానిలోకి వెళ్లింది, ప్రోగ్రాము రెండోదానితో నడుస్తోంది.

ఇది పోయిన పూట కాదని నా వాదన. ఆ రెండు రోజుల్లో అసలైన పని జరిగే పూట ఇదే. పైన చెప్పిన మూడు ఇబ్బందులకూ మూలం దాదాపు ఒక్కటే: మనం ఒక కమాండు కొట్టగానే కంప్యూటర్ దాన్ని తన దగ్గరున్న ఫోల్డర్ల జాబితాలో వరసగా వెతుకుతుంది, మొదట ఎక్కడ దొరికితే దాన్నే నడిపిస్తుంది. ఆ జాబితా పేరు పాత్. విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాలర్ మొదటి తెర అడుగున దీని కోసమే చిన్న గడి ఉంటుంది, దానంతటదే టిక్కు పెట్టుకుని రాదు. ఈ సంగతి బోర్డు మీద రాసి చెప్పడానికి పది నిమిషాలు చాలు. రేపు ఉద్యోగంలో లినక్సు సర్వర్ మీద జావా వెర్షన్ కలగాపులగమైనా, జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ రెండు చోట్ల ఉన్నా ఇదే పాఠం అక్కరకొస్తుంది. చాట్‌బాట్ లైబ్రరీ ఏడాది తిరిగేలోపు మారిపోతుంది. పాత్ నా కాలేజీ రోజుల్లోనూ ఇలాగే ఉంది.

కానీ జరిగేది వేరు. సీనియర్ వాలంటీర్లు వరసల మధ్య తిరుగుతూ టకటకా సరిచేసుకుంటూ పోతారు. ఒకచోట సెకండ్ ఇయర్ అమ్మాయి తన ల్యాప్‌టాప్ వాలంటీరుకు అప్పగించి పక్కకు జరిగి కూర్చుంది. అతను ఐదారు విండోలు తెరిచాడు, మూశాడు, లేచాడు. "అన్నా, ఏం చేశారు?" అని అడిగింది. "ఏం లేదమ్మా, అయిపోయింది" అన్నాడు. పాపం, సాయం చేశాననే అనుకున్నాడు. ఆ అమ్మాయి మొహంలో మాత్రం సంతోషం లేదు. రేపు హాస్టల్లో ఇదే మళ్లీ వస్తే ఏం చేయాలన్న ఆలోచన కాబోలు. ఆ హాల్లో సరైన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

కడప సరే, కర్నూలు సంగతేమిటి?

విమర్శించి ఊరుకోవడం ఎవరైనా చేస్తారు, పాడైన ప్రోగ్రాముతో పాఠం నడుస్తుందా అని అడగవచ్చు. నడిచిన ఒక పాఠం గురించి చెబుతాను. దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు, పైథాన్ ఉంటే చాలు, ఫోనులో అయినా సరే.

ఇచ్చిన ఊరి పేరులో ఎన్ని అక్షరాలున్నాయో చెప్పే ప్రోగ్రాము రాయమన్నాను. ఒకే వరస కోడు, పొడవు చెప్పే లెన్ అనే ఫంక్షన్‌ను పిలిస్తే అయిపోతుంది. తెలుగులో "కడప" ఇస్తే 3 అని వచ్చింది. సరిగ్గా ఉంది. అదే పేరును తిరగేసి రాయమన్నాను. "పడక" అని వచ్చింది. హాలంతా నవ్వింది, కడప పిల్లలను పక్కవాళ్లు భోజనాల దాకా వదల్లేదు. ప్రోగ్రాము పనిచేస్తోందా అని అడిగితే అందరూ ముక్తకంఠంతో పనిచేస్తోందన్నారు. మామూలు వర్క్‌షాపు అయితే ఇక్కడ చప్పట్లు కొట్టి తర్వాతి స్లైడుకు వెళ్తారు.

"అనంతపురం" ఇమ్మన్నాను. 8 అంది. వేళ్ల మీద లెక్కపెడితే అ, నం, త, పు, రం, అయిదే. "కర్నూలు" ఇస్తే 7 అంది. క, ర్నూ, లు, మూడే కదా! ప్రొద్దుటూరు అబ్బాయి ఒకడు తన ఊరి పేరు ఇచ్చి చూసుకున్నాడు. మనకు కనిపించేవి నాలుగు, ప్రోగ్రాము చెప్పింది 12. కర్నూలును తిరగేస్తే మొదట్లో చుక్కల సున్నాకు వేలాడుతూ ఒక కొమ్ము, ఆ తర్వాత "లూన్రక". ఆ హాల్లో పైథాన్ పాడైందన్నవాళ్లున్నారు, ఫాంటు తప్పన్నవాళ్లున్నారు, తెలుగు కంప్యూటర్‌కు పనికిరాదని తీర్పు చెప్పేసినవాళ్లూ ఉన్నారు.

ఎర్రరు రాలేదు, గమనించండి. ఎర్ర అక్షరాలు లేవు, ప్రోగ్రాము నవ్వుమొహంతో తప్పు చెబుతోంది. ఇదే ఎక్కువ ప్రమాదకరమైన బగ్గు. ఇక్కడి నుంచి నేనేమీ చెప్పలేదు, ఆ పేరులోని ఒక్కో ముక్కనూ ఒక్కో వరసలో ప్రింటు చేయమన్నాను. క, ర, పొల్లు, న, దీర్ఘపు కొమ్ము, ల, కొమ్ము. ఏడు ముక్కలు కళ్ల ముందు విడివిడిగా నిలబడ్డాయి. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్‌లో సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో హల్లుకు ఒక సంఖ్య, గుణింతపు గుర్తుకు ఒక సంఖ్య, పొల్లుకు ఒక సంఖ్య. లెన్ లెక్కపెట్టేది వీటిని. కడపలో కొమ్ములూ ఒత్తులూ లేవు కాబట్టి మన లెక్కా దాని లెక్కా కాకతాళీయంగా కలిశాయి. అంటే మొదటి పరీక్షలో నెగ్గింది ప్రోగ్రాము కాదు, మనం ఎంచుకున్న ఊరు.

తర్వాత అది ఎక్కడెక్కడికో పోయింది. ఒకమ్మాయి పీహెచ్‌పీ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషలో చూసింది, కర్నూలుకు 21 వచ్చింది. యూనికోడ్ సంఖ్యలను దాచే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు, ఆ ఫంక్షన్ బైట్లను లెక్కపెడుతుంది. 20 బైట్లే పట్టే గడిలో కర్నూలు అనే పేరు పట్టదన్నమాట, చివరి కొమ్ము తెగి చెత్త మిగులుతుంది. మనకు కనిపించే అక్షరాన్నే లెక్కపెట్టే పద్ధతి లేదా అంటే ఉంది, దానికి యూనికోడ్ నియమాలున్నాయి. అవి కూడా చాలాకాలం ర్ దగ్గర ఒకసారి విరిచి కర్నూలుకు నాలుగు అనేవి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నుంచి తెలుగు సంయుక్తాక్షరాన్ని విరగ్గొట్టకూడదన్న నియమం చేరి, మూడు అనడం మొదలైంది. ఒకే ఊరి పేరుకు 21, 7, 4, 3. ఏది ఒప్పు? నిల్వ చేయడానికి ఎంత చోటు కావాలో తెలియాలంటే 21. ఎస్ఎంఎస్ పంపాలంటే 7, ఎందుకంటే ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే ఒక సందేశంలో తెలుగుకు ఇలాంటి ముక్కలు 70 మాత్రమే పడతాయి. చదివే మనిషికి చూపించాలంటే 3.

ఒక్క వరస ప్రోగ్రాముతో ఒక పూట గడిచింది. ఏ టూలూ నేర్చుకోలేదు. అయితే నమూనాలు ఎలా ఎంచుకోవాలి, లోపల ఏముందో ఎలా బయటపెట్టి చూడాలి, "సరైన జవాబు" అనేది ఎవరి కోసమో ముందు ఎందుకు తేల్చుకోవాలి అన్నవి ఎవరూ ఉపన్యసించకుండానే చర్చకు వచ్చాయి. వర్క్‌షాపు అంటే నాకు ఇది.

అడుగులు మాత్రమే నేర్చుకుంటే

మెట్టు మెట్టుగా చూపించి అదే చేయించడం వల్ల పెద్దగా నేర్చుకోకపోయినా నష్టమేమీ లేదు కదా అని మిత్రుడొకరు అన్నారు. నష్టం ఉంది, మన దేశానికి చెడ్డపేరు కూడా వచ్చింది. అక్టోబరు నెలలో ఓపెన్ సోర్స్ (కోడు అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టులకు మార్పులు పంపినవారికి టీషర్టు ఇచ్చే హాక్టోబర్‌ఫెస్ట్‌ను డిజిటల్ ఓషన్ సంస్థ 2014లో మొదలుపెట్టింది. 2020లో ఎవరో వీడియోలో చూపించిన పద్ధతిని పట్టుకుని జనం ఎవరి ప్రాజెక్టులో పడితే వారి రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయం ఉండే) ఫైలులో ఒక పొగడ్త మాట చేర్చి పంపడం మొదలుపెట్టారు. తట్టుకోలేక నిర్వాహకులు, ముందుగా సమ్మతించిన ప్రాజెక్టులకే లెక్క అని ఆ నెల మొదట్లోనే నిబంధన మార్చుకోవలసి వచ్చింది. 2024 మొదట్లో ఇంకో విడ్డూరం. వెబ్‌సైట్ల తయారీకి ప్రపంచమంతా వాడే ఎక్స్‌ప్రెస్ జేఎస్‌ను ఉదాహరణగా చూపిస్తూ మన దేశంలో బాగా చూసే ఒక వీడియో పాఠం, కోడులో మార్పుల చరిత్రను దాచే గిట్ అనే టూలును నేర్పింది. చూసినవాళ్లు అచ్చం అలాగే చేసి, ఆ ప్రాజెక్టు రీడ్‌మీలోకి తమ తమ పేర్లు చేర్చమని వరసకట్టారు.

వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. చెప్పిన అడుగులు తప్పు లేకుండా వేశారు. అవతల ఒక మనిషి కూర్చుని ఆ మార్పు చదవాలని, చదివి "ఇదెందుకు?" అని అడుగుతాడని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇదే గిట్‌లో బైసెక్ట్ అనే సదుపాయం ఉంది. వెయ్యి కమిట్లలో (దాచిపెట్టిన మార్పుల్లో) ఎక్కడో ప్రోగ్రాము చెడిపోయిందనుకోండి, సగం దగ్గర ఆగి పరీక్షించి, మంచి సగాన్ని వదిలేసి, మిగిలినదాన్ని మళ్లీ సగం చేస్తూ పది పరీక్షల్లో దోషి కమిట్‌ను పట్టిస్తుంది. డేటా స్ట్రక్చర్స్ పేపరులో బైనరీ సెర్చ్ గురించి పది మార్కుల జవాబు రాసిన పిల్లలకు అది నిజంగా ఉపయోగపడే చోటు ఇదని తెలియదు. గిట్ వర్క్‌షాపు అంతా కమిట్, పుష్ దగ్గరే ముగుస్తుంది, ఎందుకంటే బైసెక్ట్ చూపించాలంటే ముందు ఏదో ఒకటి చెడిపోవాలి.

మొదటి రోజే భయపెడితే ఎలా?

కడపలో పాఠాలు చెప్పే ఒక లెక్చరర్ స్నేహితురాలు నా వాదనకు గట్టిగానే అడ్డు తగిలింది. "నీకు అలవాటు కాబట్టి ఎర్రరు ముద్దొస్తుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లకు తెర నిండా ఇంగ్లీషులో ఎర్ర అక్షరాలు చూపించు, తనకు ఈ చదువు రాదని ఆ పూటే నిర్ణయించుకుంటుంది. ముందు ఏదో ఒకటి నడిచి కనబడాలి. ఆ సంతోషంతోనే మిగతాది లాగాలి."

ఈ మాటను తేలిగ్గా తీసేయలేను. పరిశోధన కూడా ఆమె వైపే ఉంది. కొత్తవాళ్లను సమస్య ముందు కూర్చోబెట్టి మీరే తేల్చుకోండి అంటే నేర్చుకునేది తక్కువని, పరిష్కరించిన ఉదాహరణలను అడుగడుగూ చూపిస్తేనే మేలని జాన్ స్వెల్లర్ వంటివాళ్లు 1980ల నుంచీ చెబుతూ వచ్చారు. మెదడు ఒకేసారి మోయగలిగే బరువుకు ఒక హద్దుంది. కొత్త భాష, కొత్త టూలు, కొత్త ఎర్రరు మూడూ ఒక్కసారి మీద పడేస్తే ఎవరైనా చేతులెత్తేస్తారు.

అందుకే నా వాదనను కొంచెం సవరించుకున్నాను. పాడైన ప్రోగ్రామును పిల్లల చేతిలో పెట్టి వెళ్లిపోమని కాదు. దాన్ని బాగుచేయడమే మనం చూపించే ఉదాహరణ కావాలి, పైకి ఆలోచిస్తూ, తెర మీద, మైకులో, వీలైతే తెలుగులో. గ్రెగ్ విల్సన్, బ్రెంట్ గోర్డా 1998లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ శిక్షణల్లో ఇది పద్ధతిగానే ఉంది. వాళ్ల వర్క్‌షాపులూ రెండు రోజులవే. స్లైడ్లు ఉండవు, బోధించేవారు అందరి ముందూ టైపు చేస్తారు, తప్పు పడితే దాన్ని దిద్దుకోవడాన్నీ పాఠంలో కలిపేస్తారు. ఒక్కొక్కరికీ రెండు రంగుల అంటుకాగితాలిస్తారు. ల్యాప్‌టాప్ మూత మీద ఒక రంగు అతికిస్తే పని అయిందని, ఇంకోటి అతికిస్తే సాయం కావాలని. నలుగురిలో చెయ్యెత్తడానికి మొహమాటపడే మన పిల్లలకు ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తట్టలేదు.

భాష సంగతి కూడా మరీ నిరాశగా ఏమీ లేదు. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో తెలుగు గొంతుతో చెప్పిన పాఠాలున్నాయి. తెర సగంలో పాఠం, మిగతా సగంలో మన పని పెట్టుకుని వెంట వెంట చేయమంటారు. బాగుంటాయి, కానీ అవీ పనిచేసే దారినే చూపిస్తాయి. దారి తప్పినప్పటి తెలుగు మాట ఇంకా ఎవరో ఒకరు చెప్పాలి. ఎర్రరు సందేశాలు కూడా మెరుగుపడుతున్నాయి. బ్రాకెట్ మూయడం మరిచిపోతే, ఏ పాపమూ ఎరగని కింది వరసను చూపించి తప్పుపట్టే పైథాన్, 2021లో వచ్చిన 3.10 నుంచి, ఫలానా బ్రాకెట్ మూయలేదని సూటిగా చెబుతోంది. చదివేవాళ్లుంటేనే కదా ఆ కష్టానికి ఫలితం.

ఏఐ ఉండగా ఈ తంటాలెందుకు?

ఈ ప్రశ్న ఇప్పుడు ప్రతి హాల్లోనూ వస్తుంది, నిజాయితీగానే వస్తుంది. ఏఐని నేనూ రోజూ వాడతాను. రాత్రి పదకొండింటికి హాస్టల్ గదిలో ఇరుక్కుపోయిన పిల్లవాడికి, ఎర్రరు అర్థమేమిటో తెలుగులో విసుగు లేకుండా చెప్పే సాధనం నా కాలంలో లేదు. దాన్ని వద్దనడం నావల్ల కాదు.

కానీ ఒక ల్యాబులో చూసింది చెబుతాను. పాచికలాట ప్రోగ్రాము రాస్తున్న అబ్బాయి తన ఫైలుకు రాండమ్ అని పేరు పెట్టుకున్నాడు. అందులో, పైథాన్‌తో పాటే వచ్చే రాండమ్ మాడ్యూల్‌ను (లాటరీలా సంఖ్యలు తీసిచ్చే రెడీమేడ్ కోడును) పిలిస్తే పైథాన్ అసలుదాన్ని వదిలేసి పక్కనే ఉన్న వీడి ఫైలునే తెచ్చుకుంది. ఎర్రరు వచ్చింది. అబ్బాయి చివరి వరస ఒక్కటే కాపీ చేసి ఏఐకి ఇచ్చాడు. ఆ మాడ్యూల్ దెబ్బతిని ఉండవచ్చు, పైథాన్‌ను తీసేసి మళ్లీ ఎక్కించమని అది సలహా ఇచ్చింది. తీశాడు, ఎక్కించాడు, అదే ఎర్రరు. మళ్లీ అడిగాడు, ఈసారి ఇంకో వెర్షన్ ఎక్కించమంది. నేను వెళ్లేసరికి మూడో దఫా డౌన్‌లోడు నడుస్తోంది. మొత్తం ఎర్రరును ఒకసారి పైకి చదవమన్నాను. రాండమ్ ఫైలు ఉన్న చోటు దగ్గరికి వచ్చేసరికి తన సొంత ఫోల్డర్ పేరు పలికాడు, ఆగిపోయాడు, నాలుక కరుచుకున్నాడు.

ఇందులో ఏఐ తప్పు సగమే. అదే ఎర్రరును పూర్తిగా ఇచ్చి చూస్తే మొదటి జవాబులోనే సరిగ్గా చెప్పింది. పైథాన్ 3.13 అయితే, మీ ఫైలు పేరు మార్చి చూడండని ఎర్రరులోనే సూచిస్తుంది. కానీ ఏఐకి ఏది ఇవ్వాలో తెలియాలంటే, ఇచ్చేముందు చదివి ఉండాలి. కర్నూలుకు ఏ లెక్క కావాలో కూడా అంతే, 21 కావాలో 3 కావాలో అడిగేవాడే చెప్పాలి.

2025 జులైలో మీటర్ అనే సంస్థ ప్రకటించిన ఫలితం ఒకటి అందరూ ఉదహరిస్తున్నారు. తమ తమ ప్రాజెక్టుల్లో చెయ్యి తిరిగిన 16 మంది డెవలపర్లకు 246 పనులు ఇచ్చి చూస్తే, ఏఐ టూళ్లు వాడినప్పుడు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్లు మాత్రం పని ముగిశాక కూడా 20 శాతం వేగంగా చేశామనే నమ్మారట. దీన్ని పట్టుకుని ఏఐ దండగ అనను. పదహారు మందే, అందరూ అనుభవజ్ఞులే, ఆ తర్వాత టూళ్లు చాలా మారాయి, మన ఫస్ట్ ఇయర్ పిల్లల సంగతి అది చెప్పదు. నన్ను ఆపిన విషయం వేరు: అంతటి వాళ్లకే తాము వేగంగా చేస్తున్నారో నెమ్మదిగా చేస్తున్నారో తెలియలేదు. మూడోసారి పైథాన్ దించుకుంటున్న అబ్బాయి కూడా చకచకా పనిచేస్తున్నాననే అనుకుంటున్నాడు.

సర్టిఫికెట్ సంగతి

ఇవన్నీ చెప్పి ఒక కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసరు గారికి చిన్న ప్రతిపాదన ఇచ్చాను. ఒక శనివారం, ఒక ల్యాబు. నడిచి నడవని చిన్న ప్రాజెక్టు ఒకటి, దాని పాత కమిట్లతో సహా. మొదటి గంటలో నేను ఒక బగ్గును అందరి ముందూ పట్టుకుంటాను, అది ఏదో నాకూ ముందు తెలియకుండా లెక్చరర్లలో ఒకరు పెట్టాలి. తర్వాత ఇద్దరిద్దరుగా పిల్లలు. ఏం కనబడింది, ఏం అనుమానించాం, ఏం మార్చాం, ఏమైంది అని నాలుగు గడుల కాగితం నింపాలి. వాలంటీర్లు ఎవరి కీబోర్డునూ ముట్టుకోకూడదు.

ఆయన ఓపికగా విన్నారు. "బాగుంది మేడమ్. సర్టిఫికెట్ ఉంటుంది కదా?" అన్నారు. ఉంటుందన్నాను. దాని మీద నాకు కోపం లేదు. గుంతకల్లు నుంచో పులివెందుల నుంచో వచ్చిన పిల్లవాడి రెజ్యూమెలో పెద్ద కాలేజీ పేరు ఉండదు, ఆ కాగితమైనా ఉండనివ్వాలి కదా. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ ఫైలు కోసం జియోట్యాగ్ (తీసిన చోటు నమోదైన) ఫోటోలు కావాలన్నారు, సరే అన్నాను, అందరూ తలలు పట్టుకుని కూర్చున్నప్పుడు తీయమన్నాను. పోస్టరులో ఏఐ అనే మాట లేకపోతే పేర్లు ఇచ్చేవాళ్లు ఉండరన్నారు. ఆయన అనుభవం ఆయనది. కాసేపు బేరమాడి, పేరులో ఏఐ ఉండవచ్చు కానీ మధ్యాహ్నం దాకా దాన్ని తెరవకూడదన్న దగ్గర ఒప్పుకున్నాం.

కాగితం ప్రిన్సిపల్ గారి టేబుల్ మీదికి వెళ్లింది. ప్రారంభ సభ పావుగంటలో ముగించాలన్న నా షరతు దగ్గర ఆగిందని విన్నాను.